ఎవరూ వినని ఆల్బం

మా ఆయన దర్జీ. పగలంతా కుట్టుమిషను తొక్కి తొక్కి, సాయంత్రమయ్యేసరికి ఆయనకు ఒక రకం సంగీతం కావాలి. అందులో పాట ఉండదు, తాళం ఉండదు. కంప్యూటర్లో పుట్టిన హోరు ఒకటి సాగుతూనే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అది విని, "ఏమండీ, ఫ్రిజ్ పాడైనట్టుంది" అన్నాను. వారం అలిగాడు.

ఈ పిచ్చికి తోడు ఇంకో ముగ్గురు దొరికారు: లెక్కల మాస్టారు, కళ్లద్దాల షాపాయన, అంబులెన్స్ డ్రైవరు. ఆదివారం ఆదివారం మా ముందుగదిలో సగం కుట్టిన ప్యాంట్ల మధ్య చేరతారు. వంతు వచ్చినవాళ్లు మిగతావాళ్లకి ఓ ఆల్బం సిఫారసు చేయాలి. అది లోకం పట్టించుకోనిదై ఉండాలి. అయ్యేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, నోరు మెదపకూడదు.

మా ఆయన వంతు వచ్చినప్పుడల్లా పరువు పోయేది. ఒకసారి డ్రైవరు గురక పెట్టాడు. ఇంకోసారి మాస్టారు, "ఇది మా మేనకోడలి ఫోన్లో కూడా ఉందండీ" అని తీసిపారేశారు. "ఈసారి కూడా తేలిపోతే ఇక నా మాట ఎవరూ లెక్కచేయరే" అన్నాడు అన్నం ముందు కూర్చుని. ఎంత వెక్కిరించినా మొగుడే కదా, ఇంకో గరిటె పప్పు వేశాను.

ఎవరూ విననిదే కావాలన్న పట్టుదలతో ఈసారి తనూ వినకుండానే ఓ ఆల్బం తెచ్చాడు. పెద్ద స్పీకరుకు వైరుతో ఫోను తగిలించి, నొక్కి, కళ్లు మూసుకున్నాడు. అప్పుడే నేను తెర అవతల వెనకగదిలో, ఇస్త్రీపెట్టెది అనుకుని ఓ ప్లగ్గు పీకి, వాషింగ్ మిషనుది పెట్టి దుప్పట్లు వేశాను. పీకింది తెర కింద నుంచి వచ్చిన స్పీకరు ప్లగ్గు. వాళ్లకి అనుమానమే రాలేదు. ఆ సంగీతంలో మొదట కాసేపు ఏమీ వినపడకపోవడం మామూలేనట.

మా మిషను ముసలిది. గుడగుడా నీళ్లు తాగి, మూలిగి, చివర్లో పూనకం వచ్చినట్టు ఊగుతుంది. అది ఆగాక తెర తొలగించి చూస్తే డ్రైవరు కళ్లు తుడుచుకుంటున్నాడు. మాస్టారు లేచి మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. మా ఆయన ఛాతీ కొలత రెండంగుళాలు పెరిగింది.

మర్నాడు మాస్టారు ఫోను చేశారు. "మీరు చెప్పిన ఆల్బం వెతికి విన్నానండీ. ఆ నీళ్లేవి? ఆ ఊగుడేది? అసలుది దాచుకుని మాకు ఉత్తది అంటగట్టారా?"

సరిగ్గా అప్పుడే నేను తువ్వాళ్లు వేసి మిషను తిప్పాను. గుడగుడ వినపడగానే మా ఆయన ఫోను చెవిన పెట్టుకునే లోపలికి వచ్చాడు. మిషనును చూశాడు, పక్కన పీకేసి ఉన్న ప్లగ్గును చూశాడు, నన్ను చూశాడు. నవ్వు గొంతు దాకా వచ్చింది గానీ, ఆ పాలిపోయిన ముఖం చూసి మింగేశాను.

"అది బయట దొరకదు మాస్టారూ," అన్నాడు చివరికి, నీరసంగా. "ఉన్నది ఒక్కటే. మా ఇంట్లోనే ఉంది."

"అదృష్టవంతులండీ!" మాస్టారి కేక నాకూ వినపడింది. "అది చేసినవాళ్లవి ఇంకేమైనా ఉన్నాయా?"

మా ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, పెళ్లినాటి నుంచి ఎన్నడూ లేనంత మర్యాదగా నన్ను అడిగాడు:

"ఏమండీ, ఆదివారానికి కర్టెన్లు మాస్తాయంటారా?"