కుట్లు మంచిగున్నయా?

ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు ఇంటికి వెళ్లాక కుట్లకు చీము పట్టిందో లేదో కనుక్కుని రిజిస్టర్‌లో రాయాలి. వరంగల్‌లో నేను నర్సుగా చేసే దవాఖానలో ఆ పని నా నెత్తిన పడింది. ఊళ్లు తిరగడానికి మనిషీ లేదు, బండీ లేదు. ఉన్నదల్లా నా సెల్‌ఫోను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కొక్కరికీ చేసి "కుట్లు మంచిగున్నయా?" అని అడిగేదాన్ని. "మంచిగున్నయ్ అక్కా" అనేవాళ్లు. నేను చీము గడిలో "లేదు" అని రాసేదాన్ని. పేజీలకు పేజీలు "లేదు". మీటింగులో మా వార్డును మెచ్చుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ తెగ మురిసిపోయాను.

ఆ వారమే మరిపెడ నుంచి ఒక అత్త తన కోడలిని ఆటోలో తీసుకొచ్చింది. కోడలి ఒళ్లు కాలిపోతోంది. కట్టు విప్పితే కుట్లు విడిపోయి, లోపలంతా చీము. మూడు రోజుల కిందట ఫోనులో నాతో మాట్లాడింది ఈ అత్తే. నాకు ఒళ్లు మండింది.

"మొన్న అడిగితే మంచిగున్నదన్నవు గదా పెద్దమ్మా!"

ఆమె నన్ను వింతగా చూసింది. "అప్పటికే జర చీము కారుతాంది బిడ్డా. దవాఖానోళ్లు యాది పెట్టుకొని ఫోన్ చేసి, అంత ప్రేమతోని అడుగుతే, బాగలేదని ఎట్ల చెప్పాలె? నువ్వు ఫికర్ పడవా?"

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో నాకు అర్థం కాలేదు. ఆమె నాకు మర్యాద చేసింది. ఆ మర్యాదనే నేను లెక్కగా రాసుకున్నాను. కోడలిని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. నేను రిజిస్టర్ తెరిచి కూర్చున్నాను. ఇన్ని "లేదు"లలో ఏది నిజంగా లేదో తెలియక భయం వేసింది.

పాలకుర్తి దగ్గరి పల్లెలో ఉన్న ఒక బాలింతకు ఫోన్ చేశాను. నిన్ననే ఆమెకు "లేదు" రాశాను.

"మంచిగనే ఉన్న అక్కా."

ఈసారి ఆ మాట రాసుకోలేదు. "ఫోన్ పట్టుకొని మెల్లగ లేశి వాకిట్లకు నడువమ్మా. నేను లైన్ల ఉంట" అన్నాను.

మంచం కిర్రుమంది. తర్వాత ఆయాసపడుతున్న ఊపిరి వినబడింది.

"లేవస్తలేదు అక్కా," అంది. వెంటనే, "నువ్వేం ఫికర్ చెయ్యకు, మంచిగనే ఉన్న" అంది.