మూడు కడ్డీలు, ఒక మిరప టిక్కీ

కోల్డ్ స్టోరేజీ తలుపు తెరవగానే ఎండుమిరప ఘాటు చల్లగా వచ్చి ముక్కుకు తగులుతుంది. వేడి ఘాటు కన్నా ఇది మర్యాదస్తురాలు. ముందు లోపలికి రానిచ్చి, తర్వాత తుమ్మిస్తుంది. అక్కడ తేమ కొలిచే పరికరాలు సరిచూడటం నా ఉద్యోగం. తుమ్మిన ప్రతిసారీ సుగుణ మేడమ్ గుర్తొస్తారు. గురువును తలుచుకోవడానికి ఇంతకన్నా గౌరవమైన మార్గాలు ఉంటాయి గానీ, నాకు దొరికింది ఇదే.

గుంటూరు దగ్గరి ఒక కాలేజీలో సెన్సార్లు, కొలతల మీద ఎం.టెక్ చేసేటప్పుడు ఆవిడ మాకు గైడు. చీరాల మనిషి. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు, మిగతా రోజుల్లో మమ్మల్ని. అక్కడ అందరి గొంతూ కలవాలనేవారు. ఇక్కడ కలిస్తే అనుమానించేవారు. నేను, కోటేశ్వరరావు, అనూష ఒక గ్రూపు. మిరప టిక్కీలో, అంటే కాయ తొక్కి నింపిన గోనెబస్తాలో, తేమ ఎంతుందో చెప్పే కడ్డీని ఎవరికి వారు తయారు చేయాలి. అది సొంత ప్రాజెక్టు. మూడు కడ్డీలనూ ఒకే టిక్కీలో గుచ్చి పోల్చాలి. అది గ్రూపు ప్రాజెక్టు. మేడమ్ పెట్టిన షరతు ఒకటే. ఎవరి అంకె వాళ్లే చీటీ మీద రాసి, మడిచి ఆవిడకివ్వాలి. పక్కవాడి చీటీ చూడటం ఆవిడ దృష్టిలో పక్కవాడి టిఫిన్ డబ్బా తెరవడంతో సమానం.

అనూష వాళ్ల నాన్న గారి కల్లంలో కొలిచాం. మేడమ్ చీటీలు విప్పితే వాళ్లిద్దరి అంకెలు కవలపిల్లల్లా ఉన్నాయి, నాది బాగా ఎక్కువ. ఇంకో టిక్కీలోనూ అదే వరస. వైవా దగ్గర పడింది. నా కడ్డీ తప్పని తేలితే సొంత ప్రాజెక్టు పోతుంది, మరో సెమిస్టరు చదవాలి. నా చదువు మీద మా ఇంట్లోవాళ్ల ఓపిక అప్పటికే అడుగంటింది.

కోటేశ్వరరావు స్నేహధర్మంగా నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్, ఆ అంకె సరిచేసే స్క్రూ కాస్త తిప్పు. మాతో కలిసిపోద్ది. ఎవరడుగుతారు?" అంటూ స్క్రూడ్రైవరు కూడా వాడే ఇచ్చాడు. అప్పుడే మేడమ్ గొడుగు ముడుస్తూ మా వైపు వచ్చారు. నా చేతిలోది చూశారు. కోప్పడలేదు.

"ముగ్గురికీ ఒకే అంకె కావాలంటే ఒక్కళ్లు కొలిస్తే చాలు కదయ్యా. మిగతా ఇద్దర్నీ ఇంత ఎండలో ఎందుకు తీసుకొచ్చినట్టు?"

ఎవరు ఎక్కడ కొలిచారో చూపిస్తూ మళ్లీ గుచ్చమని చెప్పి, కడ్డీలను వదిలేసి మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. అనూష మిరప రైతు బిడ్డ, కాబట్టి దూరంగా ఉండాలని తెలుసు. ముక్కుకు చున్నీ చుట్టుకొని, చేయి చాపి, టిక్కీ మూతి దగ్గర కాస్త గుచ్చి వెనక్కు జరిగింది. కోటేశ్వరరావు ఊపిరి బిగబట్టి అంతే చేశాడు. నాకా వారమంతా జలుబు. ఘాటన్నదే తెలియదు. టిక్కీ మీదకు తీరిగ్గా వంగి, కడ్డీని పిడిదాకా దింపాను.

మేడమ్‌కు నవ్వాగలేదు. "నీ కడ్డీ బానే ఉంది నాయనా. నీ ముక్కే బాలేదు," అన్నారు.

అందరి చేతా లోతుగా గుచ్చించారు. మూడు అంకెలూ దగ్గరికొచ్చాయి. మూతి దగ్గర కాయ ఆరింది, నడుమ కాయ ఆరలేదు. అనూష వాళ్ల నాన్న టిక్కీలు విప్పించి కాయ మళ్లీ ఆరబోయించారు.

రిపోర్టులో ఎవరి అంకె వారి పేరుతో, గుచ్చిన లోతుతో సహా విడివిడిగా వేశాం. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడికి అది నచ్చలేదు. సగటు తీసి ఒక అంకె ఇస్తే శుభ్రంగా ఉండేది కదా అన్నారు.

"ఇవ్వొచ్చండి," అన్నారు మేడమ్. "బూజు సగటు చూసి పట్టదు కదండీ."

ఆయన ముగ్గుర్నీ పాస్ చేశారు. మార్కులు మాత్రం సగటుగానే వేశారు.

మేడమ్ రిటైరయ్యారు. నాకు మిగిలింది ఆవిడ ప్రశ్న. ఎంత అని కాదు, ఎక్కడ అని. మా ఆవిడతో వాదన వచ్చినప్పుడూ వాడి చూశాను. ఫలితాలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లెవరైనా అందరికన్నా వేరే అంకెతో బిక్కమొహం వేసుకొని వస్తే మాత్రం, ఎక్కడ కొలిచావని వెంటనే అడుగుతాను. వాళ్ల చేయి స్క్రూ మీదకు పోకముందే అడగాలి. మేడమ్ నా దగ్గరికి సరిగ్గా ఆ మాత్రం ముందే వచ్చారు.