అద్దాల గదిలో నైవేద్యం

ఈ రోజు మాదాపూర్‌లో మా కొత్త ఆఫీసు పూజ జరిగింది. లోపలి గోడలన్నీ అద్దాలే. "మన దగ్గర దాపరికాలు ఉండకూడదు" అంటూ మా మేనేజరుగారు పట్టుబట్టి పెట్టించారు.

నైవేద్యం వేళకు, కొండాపూర్ నుంచి వచ్చిన అయ్యగారు గంట పక్కన పెట్టి తెర అడిగారు. తెర ఎక్కడిది?

"దేవుడికి కూడా దిష్టి తగులుతుందా అండీ?" అని మేనేజరుగారు నవ్వారు.

"దిష్టి గాదు సార్. దేవుడంటే ఇంటికొచ్చిన చుట్టమే గద. తినేటప్పుడు అందరు నోట్లకు చూస్తుంటే ముద్ద దిగుతదా? జర చాటు ఇయ్యాలె."

కంప్యూటర్ వచ్చిన అట్టపెట్టెను చించి, మా ఉద్యోగుల్లో ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం. వినాయకుడు దాని వెనక పులిహోర ఆరగించాడు. మేనేజరుగారు మాత్రం "చాదస్తం" అని గొణిగారు.

మధ్యాహ్నం ఆయన తన గదిలో క్యారియర్ విప్పారు. అద్దానికి ఇవతల మేమంతా ఉన్నాం. ముద్ద కలిపి తలెత్తి చూశారు. పూజయ్యాక అక్కడే మూలన పడేసిన ఆ అట్టముక్కను ఎడంచేత్తో లాక్కుని అద్దానికి అడ్డం పెట్టుకున్నారు.

దేవుడికీ మేనేజరుకీ చాటు దొరికింది. మా బల్లలు ఇంకా ఆరుబయటే. మీ ఇళ్లలో ఖాళీ అట్టపెట్టెలుంటే చెప్పండి.