సీసాలో నిద్రపోయిన ఊటలు

ఏ సామ్రాజ్యం ఏ పూట కూలిందో చరిత్రకారులు రాసిపెట్టారు. ఏ సంధిపత్రం మీద ఎవరు ఏ కలంతో సంతకం చేశారో అదీ రాసిపెట్టారు. కానీ బాల్కన్ కొండల దక్షిణపు వాలులో, గెరెనోవ్ దంపతుల వంటింటి పక్క గదిలో, ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు జరిగే మహాకార్యం గురించి మాత్రం ఒక్క వాక్యమైనా రాసిన పాపాన పోలేదు.

నాలుగు కొట్టగానే అనస్తాస్ గెరెనోవ్ చేతులు కడుక్కునేవాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడు. పిల్లిని బయటికి పంపి తలుపు వేసేవాడు. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, తన వెబ్‌సైట్‌కు బ్యాకప్ తీసేవాడు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఆ కొండల్లో ఉత్తరాలు పంచాడు. అక్కడ పోయినవాళ్ల పేరు నిలవాలంటే దారి పక్కన ఊట కట్టిస్తారు: ఒక రాతిగోడ, గోడకో గొట్టం, కింద తొట్టి, పైన చెక్కిన పేరు. సంచి బరువెక్కినప్పుడల్లా ఏదో ఒక ఊట దగ్గర ఆగడం ఆయన ఉద్యోగంలో రాయని నిబంధన. పింఛను మొదలైన శీతాకాలం, పట్నం గ్రంథాలయంలో పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పుతుంటే తనూ వెళ్లి నేర్చుకుని, ఆ ఊటలన్నిటినీ ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కించాడు. మొత్తం రెండు వందల పద్నాలుగు. ఒక్కొక్కదానికీ పేరు, కట్టించినవాళ్లు, ఫోటో, లీటరు సీసా నిండటానికి పట్టే సెకన్లు, ఆఖరి గడిలో నీటి రుచి. ఆ ఆఖరి గడే తన జీవితసారమని ఆయన నమ్మకం.

"సెకన్లు ఎవడైనా లెక్కపెడతాడు," అనేవాడు. "రుచి రాయడానికి నాలుక ఉండాలి."

ఎక్కించడం పూర్తయ్యాక, దారిలో రాసుకున్న పాత నోటుపుస్తకాలను పొయ్యి రాజేయడానికి ఇచ్చేశాడు. ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే రెండింటినీ నమ్మబుద్ధి కాదని ఆయన వాదన. ఆ తర్వాత మోకాళ్లు మొరాయించాయి. మళ్లీ కొండ ఎక్కి రాసుకొచ్చే దారి మూసుకుపోయింది.

బ్యాకప్ ఎందుకో భార్య వెలికాకు ఆయన ఒకసారి విడమరిచి చెప్పాడు.

"డేటాబేస్ అంటే నీ వంటల పుస్తకం అనుకో. పేర్లు, లెక్కలు, రుచులు అందులో ఉంటాయి. ఫైళ్లంటే ఫోటోలూ అవీ. ఒకటి ఉండి రెండోది లేకపోతే దేనికీ కొరగావు."

"నువ్వూ నేనూ లాగన్నమాట."

"ఆ రెండింటినీ కలిపి కుదిస్తాను. నువ్వు ఇరవై కిలోల మిరపకాయలు కాల్చి, రుబ్బి, ఉడకబెట్టి కాసిని సీసాల ల్యుతెనిత్స పచ్చడి చెయ్యవూ? అలాగే."

"దానికి నేను ఇస్త్రీ చొక్కా వేసుకోనయ్యా."

కుదింపులో ఒక వింత ఉండేది. ఫోటోలు ఎంత కుదించినా వీసమెత్తు తగ్గేవి కావు. అవి కెమెరాలోనే ఉడికి వచ్చిన సరుకు. డేటాబేస్ మాత్రం చెప్పగానే ముడుచుకుని ఇరవయ్యో వంతుకు దిగిపోయేది. అది తన రాతలోని చిక్కదనమని అనస్తాస్ లోలోపల పొంగిపోయేవాడు.

అయ్యాక పాత శుక్రవారాన్ని చెరిపి కొత్త శుక్రవారాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో మిగిలినదాన్ని తుడిచేసేవాడు. బొటనవేలంత వస్తువు. చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడో దూరంగా, ఆకుల వెనక, సన్నగా నీళ్లు పడుతున్నట్టు అనిపించేది. ఆ ఇంట్లో భద్రమైన చోటు ఒక్కటే. ప్రభుత్వాలు మారినా నేలమాళిగలో సీసా కదలదు. కాబట్టి చెమ్మ తగలకుండా బియ్యం నింపిన గాజు సీసాలో దాన్ని పాతిపెట్టి, వెలుతురు సోకకుండా వార్తాపత్రిక చుట్టి, మూత మీద నెల పేరు రాసి, చెర్రీపండ్ల పానకానికీ ఊరవేసిన కాబేజీకీ నడుమ పెట్టేవాడు.

అక్టోబర్‌లో ఒక మంగళవారం పొద్దున్న ఫోన్ మోగింది. వెబ్‌సైట్‌కు చోటిచ్చిన సోఫియా కంపెనీ నుంచి కలీనా అనే ఆమె.

"అనస్తాస్ గారూ, క్షమించాలి. మీ సైట్ ఉన్న సర్వర్ కాలిపోయింది. మేం తీసిన కాపీలు కూడా అందులోనే ఉన్నాయి."

"కాపీలు కూడా అదే యంత్రంలోనా?"

"అవునండీ."

"అంటే గొడుగును వానలో ఆరబెట్టారన్నమాట. దిగులుపడకమ్మా. నా దగ్గర ఉంది."

ఈ ఒక్క వాక్యం పలకడానికే తాను ఇన్ని శుక్రవారాలు చొక్కా మార్చుకున్నానని ఆయనకు అప్పుడు తెలిసింది. కిరీటధారణకు వెళ్లే రాజులా ఒక్కో మెట్టూ దిగాడు. చెర్రీపండ్లు ఉన్నాయి. కాబేజీ ఉంది. నడుమ, దుమ్ములో, గుండ్రటి ఖాళీ ఉంది.

పెరట్లో వెలికా, పొరుగింటి బోంకా బల్ల మీద కూర్చుని ఉల్లిపాయలు వలుస్తున్నారు. పక్కన పొయ్యి మీద పెద్ద గంగాళం కుతకుతమంటోంది. నీళ్లలో, ఒకదానికొకటి తగిలి పగలకుండా కాగితాలు చుట్టిన సీసాలు మునిగి ఉన్నాయి.

"వెలికా, బియ్యం సీసా..."

"అది బియ్యమా? నేలమాళిగలో మూతలన్నీ నొక్కి చూశాను. ఒక్కటి టిక్కుమంది. గాలి దూరినట్టేగా, లోపలిది పాడైపోతుందని మూత బిగించి మళ్లీ ఉడకేశాను. కాగితం కూడా నువ్వే చుట్టి పెట్టావు, పోనీ ఈసారి సాయం చేశాడనుకున్నాను."

మూత నొక్కితే టిక్కుమనకూడదని ఆ దేశంలో నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు. చల్లటి సీసాకు చేత్తో బిగించిన మూత టిక్కుమంటుందని మాత్రం అనస్తాస్‌కు తట్టలేదు.

"తీసెయ్! అందులో ఊటలున్నాయి!"

"మరిగేదాన్ని బయటికి తీస్తే పగిలిపోతుంది. పొయ్యి ఆరిపోతోందిలే. చల్లారేదాకా కూర్చో."

"ఉడికిన ఊటలైతే జలుబుకు మంచిది అన్నయ్యా," అంది బోంకా. వెలికా ఆమె వైపు ఒక చూపు చూసింది. బోంకా ఉల్లిపాయలు తీసుకుని తన పెరట్లోకి వెళ్లింది.

అనస్తాస్ గంగాళం పక్కన కూర్చున్నాడు. ఆవిరి ముఖానికి తగులుతోంది. ఆవిరి వెనక పెరడు మెల్లగా కరిగి, కంచె పోయి, కొండదారి వచ్చింది. భుజాన సంచి వచ్చింది. మోకాళ్లు మళ్లీ ముప్పై ఏళ్లవయ్యాయి. వంపు తిరిగితే ఒక ఊట, నీళ్లలో ఇనుము వాసన. ఇంకో వంపులో వాల్‌నట్ ఆకు చేదు. గొర్రెలు తాగే తొట్టిలో మబ్బు తేలుతోంది. అక్కడి నీళ్లు మంచు తిన్నట్టుంటాయి. ఆ పైన ఒకటి, తన పెళ్లికి ముందు వెలికా దోసిట్లోంచి తాగినది, దానికి ఇంకేదో రుచి. రెండు వందల పద్నాలుగు గొట్టాలూ ఒక్కసారి పలికాయి, ఏ గొంతు దానిదే. తర్వాత ఒక్కొక్కటే వేడెక్కి, పొగలై, పైకి లేచిపోవడం మొదలుపెట్టాయి.

"ఏమయ్యా," అంది వెలికా పక్కన కూర్చుంటూ. "పోతే పోయింది. వసంతంలో మళ్లీ ఎక్కుదాం. నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తాను. నీ మోకాళ్లు మోయలేను కానీ సంచి మోస్తాను."

ఇద్దరూ నీళ్లు చల్లారడం చూస్తూ కూర్చున్నారు. అది చాలా నెమ్మదైన పని.

మధ్యాహ్నం మళ్లాక వెలికా సీసా తీసి, తుడిచి, మూత నొక్కింది. టిక్కుమనలేదు. చాకుమొనతో లేపితే నిట్టూర్చినట్టు చిన్న చప్పుడుతో ఊడివచ్చింది. లోపల బియ్యం గోరువెచ్చగా, ఇసుకలా పొడిగా ఉంది.

"నేను మూసింది కారదు," అంది వెలికా.

ఆ రోజు శుక్రవారం కాకపోయినా ఆయన చేతులు కడుక్కున్నాడు. చొక్కా ఆమే తెచ్చిచ్చింది. పెన్‌డ్రైవ్ గుచ్చితే చిన్న దీపం రెండుసార్లు కొట్టుకుని నిలిచింది. ఉన్నదంతా సోఫియాకు పంపేశాడు.

మర్నాడు కలీనా ఫోన్ చేసింది. వెలికా కూడా చెవి ఆనించింది.

"ఫోటోలు, పేర్లు, సెకన్లు అన్నీ క్షేమంగా వచ్చాయండీ. డేటాబేస్ మాత్రం కొంచెం చెడినట్టుంది. రుచి గడిలో నూట తొంభై ఎనిమిది చోట్ల ఒకే మాట పడింది. అందుకే అది అంత చిన్నగా ముడుచుకుంది."

"ఏ మాటమ్మా?"

"'చల్లగా ఉన్నాయి, బాగున్నాయి.' వేడి తగిలి అలా అయిందంటారా?"

వెలికా ఆయన ముఖంలోకి చూసింది. అనస్తాస్ కిటికీలోంచి కొండను చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "అది చెడలేదు."

మిగతా పదహారు గడులూ ఖాళీగా ఉన్నాయి. ఆ ఊటల దగ్గర ఆగిన రోజున ఆయనకు దాహం వేయలేదు.