అటార్నీ తేర్యో వెంట వచ్చే దయ్యాలు

సాన్ ఎలోయ్‌లో ఎవరు పోయినా, శవపేటిక కన్నా ముందు అటార్నీ తేర్యో వచ్చేవాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. పెళ్ళికి పిలిస్తే తలనొప్పి, పుట్టినరోజుకు పిలిస్తే కడుపునొప్పి. చావుకబురు అందితే మాత్రం గొడుగు చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. పదకొండేళ్ళు వకీలుగా వాదించి, అది మానేసి మునిసిపాలిటీలో జననమరణాల రిజిస్ట్రారుగా చేరాడు. ఆయన ముఖం చూసి జడ్జీలకే దిగులు పట్టుకుందనీ, అందుకే కోర్టు వదిలాడనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆ పిచ్చికి బలైంది గుమాస్తా లుదివీన. చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు, పోతే చచ్చినవాడు వెంట వస్తాడని ఆ ఊరి నమ్మకం. మధ్యలో ఎక్కడో ఆగి వాణ్ణి అక్కడ వదిలించుకోవాలి. అందరూ కాఫీకొట్టు దగ్గర ఆగుతారు. అటార్నీ ఆఫీసులో ఆగేవాడు.

"మీ ఇంటికి రాకూడని దయ్యం నా బల్ల దగ్గరికి రావచ్చా అండీ?"

"బతికున్నవాళ్ళ కంటే నయమే తల్లీ. క్యూలో తోసుకోరు."

"ఆరేళ్ళుగా తోలుకొస్తున్నారు! శ్మశానం ఖాళీ, మన బీరువా వెనక సంత!"

దయ్యాలు దగ్గరికి రాకుండా లుదివీన బల్ల మీద ఉప్పు పొట్లం పెట్టుకుంది. పంకా కిర్రుమంటే చాలు, "ఇది ఖాయంగా ఆ చచ్చిన కసాయి బెర్తింగే" అనేది.

ఆ వానాకాలం జాలరి దోమెంగ్ పోయాడు. రెండోరోజు మధ్యాహ్నం అతని భార్య పురింగ్ తడిసి ముద్దై ఆఫీసుకొచ్చింది. ఇంటి స్థలం దోమెంగ్ పేరున ఉంది. పెళ్ళి కాగితం చూపించు, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి అని మరిది ఇస్కో కూర్చున్నాడు. పెళ్ళయిన చర్చి పుస్తకాలు ఎప్పుడో తుఫానులో కొట్టుకుపోయాయి. లుదివీన రిజిస్టర్లన్నీ తిరగేసింది, పేరు లేదు.

"ముప్పైనాలుగేళ్ళు కాపురం చేశానమ్మా," అని పురింగ్ మళ్ళీ వానలోకే వెళ్ళిపోయింది.

లోపల కుర్చీ కదిలింది. అటార్నీ గొడుగు తీశాడు.

"ఎక్కడికండీ?"

"చావింటికి."

"ఆవిడ వీధిన పడుతుంటే మీకు బిస్కెట్లూ పేకాటా కావలసి వచ్చాయా!" లుదివీన తిడుతూనే వెనక నడిచింది.

చావింట్లో శవం దగ్గర జాగారానికి వచ్చిన ముసలాళ్ళంతా, అక్కడి ఆచారం ప్రకారం, పేకాటలో ఉన్నారు. అటార్నీ కూర్చుని చేతిలో ముక్కలు చూసుకుంటూ నిట్టూర్చాడు.

"దోమెంగ్ పెళ్ళిభోజనం బాగుందంటారు, నిజమేనా?"

"ఎవడన్నాడు? పంది మాడిపోయింది. కాల్చింది నేనే!" అన్నాడొక ముసలాయన.

"అలాగా. ఏదీ, నీ బొటనవేలు." అటార్నీ జేబులోంచి ఇంకు డబ్బా, కాగితం తీశాడు.

"చర్చి మెట్ల మీద పెళ్ళికూతురి చెప్పు తెగితే నాది ఇచ్చా, ఇంతవరకూ తిరిగివ్వలేదు," అంది పక్కనున్న అవ్వ. ఆవిడ వేలూ పడింది.

"పంది మాడలేదనుకుంటా," అన్నాడు అటార్నీ నెమ్మదిగా.

ఇస్కోకు రోషం వచ్చింది. "మాడలేదా! పెళ్ళికొడుకు తమ్ముణ్ణని ఆ మాడిన చెవి నాకే పెట్టారు! రెండ్రోజులు కడుపునొప్పి!"

పేకాట ఆగిపోయింది. అటార్నీ కాగితం ఇస్కో ముందుకు జరిపాడు.

"నీకు చదువొచ్చుగా నాయనా. సంతకమే పెట్టు."

పెళ్ళి జరిగిందని అందరి ముందూ తన నోటితోనే ఒప్పుకున్న ఇస్కో కలం అందుకుని సంతకం పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒక గొడుగు కింద ఇద్దరూ తడిశారు. "నా చివరి కేసూ ఇలాంటిదే తల్లీ," అన్నాడు అటార్నీ. "వాయిదాల మీద వాయిదాలు. ఈలోగా సాక్షులు ఒక్కొక్కరే పోయారు. ఆ ముసలమ్మ ఇల్లు నిలబెట్టలేకపోయాను. సమన్లు లేకుండా సాక్షులంతా ఒకచోట కలిసేది చావింట్లోనే."

ఆరేళ్ళ చావుకాగితాల పక్కన, సాక్షుల వేలిముద్రలతో ఆలస్యంగా నమోదైన పెళ్ళిళ్ళు ఎందుకన్ని ఉన్నాయో లుదివీనకు అప్పుడు తెలిసింది.

ఆఫీసులోకి రాగానే ఆమె ఉప్పు పొట్లం తీసి సొరుగులో పడేసింది. బల్ల ముందు కుర్చీ లాగి తుడిచింది.

"ఎవరికమ్మా?" అన్నాడు అటార్నీ.

"మీ వెంట వచ్చిన ఆయనకి. కూర్చో దోమెంగన్నా, ముందు నీ పెళ్ళి రాసేస్తాను."