ముప్పై ముడుల తాడు

మత్తు గురించీ మనిషి నడత గురించీ చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, చివరికి నేనూ ప్రొఫెసర్నయ్యాను. అయినా మా పాత మనశ్శాస్త్రం ప్రొఫెసరు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి ఇన్నేళ్లయినా సరే.

అప్పట్లో ఆయన కింద చిన్న ఉద్యోగిని. రెండేళ్లు మన్యం కొండలెక్కి దిగి, చలిజ్వరంతో వణుకుతూ, నల్లమందు తినేవాళ్ల గురించి రాసుకొచ్చిందంతా ఆయన తన పేరున అచ్చేయించుకున్నాడు. నా ఊసు ఒక్కచోట ఉంది: స్థానిక గుమాస్తా ఒకరు సాయపడ్డారని. ఆ గుమాస్తా అన్న మాటకు బదులు తీర్చుకోవాలని కాచుకు కూర్చున్నాను.

కొండల్లో పండక్కి పిలవాలంటే, ఇంకా ఎన్నాళ్లుందో అన్ని ముడులు వేసి తాడు పంపుతారు. అందుకున్నవాళ్లు రోజుకొకటి విప్పుతారు. నేను ఆ అలవాటునే వాడుకున్నాను. ముంచింగిపుట్టు సంతలో నల్లమందు తినేవాళ్లకి తలా ముప్పై ముడుల తాడిచ్చి, తిన్న రోజున ఒకటి విప్పమన్నాను. తినని రోజు ముడి అలాగే ఉండాలి. నెల తిరిగేసరికి చాలా తాళ్లు ముడన్నది లేకుండా వచ్చాయి. ఒక ముసలాయన తాడు మాత్రం ముప్పై ముడులతోనూ వచ్చింది. నేను తాడిచ్చే ముందు రోజే, మనవడు ఏడుస్తున్నాడని ఆయన నాకించిన నల్లమందుకే ఆ పసివాడు కళ్లు తెరవకుండా పోయాడట. అప్పట్నుంచి ఒళ్లు పీకినా, వాంతులైనా ముట్టలేదు. తాడు నా చేతికిస్తూ, నేను లెక్కపెట్టేదాకా కదల్లేదు.

ఆ తాళ్లూ ప్రొఫెసరే లాక్కున్నాడు. ఎలా చదవాలో నన్ను అడగలేదు. గుమాస్తాని అడుగుతాడా? ముడి ఉంటే తిన్నట్టని తనే తేల్చుకుని, ముప్పై ముడుల మనిషిని మన్యంలోకెల్లా పెద్ద మత్తుబానిసని రాశాడు. ఆ కాగితాలు సాపు రాసింది నేనే. తప్పు చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో అలాగే దించాను.

సభలో చూపించడానికి ఆ మనిషిని తీసుకురమ్మని నన్నే పంపాడు. తీసుకొచ్చాను. పట్నంలో పెద్దలు నిన్ను చూస్తారట అన్నాను. మెచ్చుకోడానికే అనుకుని ఉతికిన పంచె కట్టుకొచ్చాడు.

వేదిక మీద ప్రొఫెసరు ఆయన కనురెప్ప ఎత్తి చూపించాడు. నోరు తెరిపించి పళ్లు చూపించాడు. చెయ్యి చాపించి, ఆ వణుకు చూడండన్నాడు. ఉపన్యాసమంతా ఇంగ్లీషు. ముసలాయన నా వైపే చూస్తున్నాడు. ప్రొఫెసరు వెనక్కి తగ్గే దారి లేకుండా ఆఖరి వాక్యం చదివేదాకా ఆగి, అప్పుడు లేచాను. ముడి సంగతి నెమ్మదిగా విప్పి చెప్పాను. ముందు వరసలో దొర ఒకడు నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ప్రొఫెసరు ముఖం కందగడ్డయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి ఇవాళ్టికీ తగ్గలేదు.

అదే ఊపులో ముసలాయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. నిన్ను తప్పుగా అన్నాడు, నేను నోరు మూయించాను అన్నాను.

ఆయన అడిగింది ఒక్కటే. "నన్ను కొండ దించినప్పుడే నీకిది తెలుసా బాబూ?"

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

ఆయన ఆ బల్ల మీద నుంచే తన తాడు తీసుకున్నాడు. వణికే వేళ్లకు లొంగకపోతే పళ్లతో ఒక ముడి విప్పాడు. తాడు నా చేతిలో పెట్టి మెట్లు దిగాడు. నల్లమందు దుకాణం ఎక్కడని వీధిలో ఎవరినో అడగడం నాకు వినిపించింది.