సామ పండేదాకా మూసిన పేజీ

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, వానలు మొదలవకముందే నన్ను అరకులోయ టెలిఫోన్ ఎక్స్చేంజికి సబ్ డివిజనల్ ఇంజినీరుగా వేశారు. జూనియర్ టెలికాం ఆఫీసరుగా చేరిన నాకు అది ఒక మెట్టు పై హోదా. పని మాత్రం పాతదే: లైను ఆగకూడదు. ఆగితే ఫిర్యాదు నమోదవుతుంది. దాన్ని మూసేదాకా నాకు తిండి సయించదు.

ఆ జబ్బును క్వార్టర్సుకూ తెచ్చుకున్నాను. పాత కంప్యూటరొకటి కొని, లినక్స్ ఎక్కించి, ఇంట్లోనే సర్వరు నడిపేవాణ్ని. లినక్స్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మా ఫోటోలు, పాటలు పరాయివాళ్ల యంత్రాల్లో కాక నా బల్ల కిందే ఉండేవి. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందోనని బల్ల చుట్టూ తిరిగేవాణ్ని. "దానికి జ్వరమొస్తే కషాయం కూడా పోస్తారేమో" అనేది మా ఆవిడ.

దగ్గరి ఆశ్రమ పాఠశాలలో పార్వతి టీచరు. ఆమె అమ్మమ్మ బుద్రి వాళ్ల ఊళ్లో పాట ఎత్తుకునే మనిషి. అమ్మమ్మ పాటలను పార్వతి ఏళ్లుగా పిల్లల కోసం రికార్డు చేస్తోంది. వాటిని నా సర్వర్లో పెట్టి, ఎవరైనా వినేలా వెబ్‌సైటు తెరిచాను. సగం పాటలు ఇంకా బుద్రి నోట్లోనే ఉన్నాయి.

ఆషాఢంలో ఒక సంతరోజు, ఆటోలో ఎవరో ఆ సైటులోంచి కొత్తల పండగ పాట పెట్టారు. కొత్త సామలు దేవతకు పెట్టేదాకా ఆ ఊళ్లో ఆ పాట ఎవరూ ఎత్తరు. చేలో సామ ఇంకా పచ్చిగానే ఉంది. పంటకు కీడు తెచ్చిందని ఊరంతా బుద్రి మీద పడ్డారు. ఈసారి కొత్తలకు ఆమెను పాడనిచ్చేది లేదన్నారు.

మర్నాడే బుద్రి మనవరాలితో వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"నాను ఏళకి పాడతాను బాబూ. నీ పెట్టె ఏటి, ఏళాపాళా లేకండా పాడతాది? బేగి ఆపీ. లేపోతే నానింక నోరిప్పను."

ఫలానా తేదీ దాటాక ఆ పాట పేజీ దానంతటదే తెరుచుకునేలా చేస్తానన్నాను. పార్వతి నవ్వేసింది. కొత్తల రోజు క్యాలెండరులో ఉండదట. ఊరికి మంచిరోజులు పెట్టే దిసారి చేను చూసి చెప్పాలట. బుద్రి కళ్లెదుటే పేజీ మూసేశాను. నడుస్తున్న సర్వీసును నా చేత్తో ఆపడం అదే మొదలు. అప్పటికే ఫోన్లలోకి దిగిన కాపీలను మాత్రం వెనక్కి రప్పించలేకపోయాను.

ఆ తర్వాత నాకు కాలు నిలవలేదు. ఫిర్యాదు ఉంది, మూసే తేదీ లేదు. జీపు ఆపించి చేలవైపు చూసేవాణ్ని. ముసురు పడితే సామ ఏమవుతుందోనని, నేనే విత్తినట్టు బెంగపడేవాణ్ని. ముసలామెకు ఆ పాటే పరువు. అది నా వల్ల పోతుందేమోనని భయమేసింది.

చివరికి పార్వతి ఫోన్ చేసింది. "దిసారి రోజు పెట్టీసినాడు సారూ. మా అమ్మమ్మనే ఎత్తమన్నారు. తెరిసీయండి." బుద్రి తానే వెళ్లి పెట్టె నోరు మూయించిందని తెలిశాక ఊరు మెత్తబడిందట. కొత్తలయ్యాక మిగతా పాటలూ రికార్డుకు పాడింది.

రిటైరయ్యాక ఆ సర్వరు విజయనగరంలో మా ఇంటికి వచ్చింది. ఆపకుండా నడపడం ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఆపాల్సిన వేళ ఒకటుందని ఆ ఊళ్లో తెలిసింది. యంత్రం సొంతం కాబట్టే ఆ మాట వినగలిగాను.

మొన్న ఎవరో ఫోన్ చేసి, కొత్తల పాట పేజీ రావడం లేదు, సర్వరు చెడిపోయిందా అని అడిగారు. సర్వరు బాగానే ఉంది, సామ ఇంకా పండలేదన్నాను.